ఫుల్లీ ఫండెడ్ స్కాలర్‌షిప్: ఎంపికకు ముందే అయ్యే ఖర్చుతో సహా ఒక సమగ్ర మార్గదర్శి

విదేశీ విశ్వవిద్యాలయాలు అడిగే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ ఫీజు ఇప్పుడు మన దగ్గర సుమారు 18,000 రూపాయలు. 2025-26లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. అమ్మ ఉపాధి పనికి వెళ్లి చదివిస్తున్న ఇంట్లో ఆ ఒక్క పరీక్ష ఖరీదు దాదాపు యాభై తొమ్మిది రోజుల మట్టిపని అన్నమాట. చదువు ఫీజు, నెలవారీ ఖర్చు, విమానం టికెట్, ఆరోగ్య బీమా అన్నీ మేమే భరిస్తామని ప్రకటించే స్కాలర్‌షిప్పులు ఈ రెండు నెలల కూలి సంగతి సాధారణంగా ఎత్తవు. ఎంపికైన తర్వాత అయ్యే ఖర్చును అవి భరిస్తాయి. ఎంపికయ్యేదాకా అయ్యే ఖర్చు మాత్రం విద్యార్థిదే. ఎవరు దరఖాస్తు చేస్తారు, ఎవరు చేయకుండానే ఆగిపోతారు అన్నది ఎక్కువగా ఆ మొదటి ఖర్చు దగ్గరే తేలిపోతోంది.

డిగ్రీ కళాశాలలో పాఠాలు చెబుతూ, ఇంట్లో మొదటిసారిగా డిగ్రీ దాకా వచ్చిన పిల్లలకు దరఖాస్తుల్లో చేదోడుగా ఉన్న అనుభవంతో ఈ మార్గదర్శిని రాస్తున్నాను. విదేశంలో మాస్టర్స్ చేయాలని ఉండి, తాకట్టు పెట్టడానికి భూమి గానీ ఇల్లు గానీ లేనివారిని దృష్టిలో పెట్టుకుని ఇందులోని ప్రతి మెట్టునూ వివరించాను.

ఇలాంటి ఇంటికి ఈ స్కాలర్‌షిప్పు తప్ప వేరే దారి ఎందుకు కష్టమో ముందు చెప్పాలి. బ్యాంకులు పాటించే విద్యా రుణ నమూనా ప్రకారం నాలుగు లక్షల దాకా హామీ అక్కర్లేదు, ఏడున్నర లక్షలు దాటితే మాత్రం తాకట్టుకు ఆస్తి చూపవలసి ఉంటుంది. విదేశీ మాస్టర్స్ ఖర్చు ఏడున్నర లక్షల దగ్గర ఆగదు కాబట్టి, ఆస్తి లేనివారు అధిక వడ్డీకి ప్రైవేటు సంస్థల దగ్గరకు వెళ్లడమో, ఆశ వదులుకోవడమో చేస్తున్నారు. రుణం దొరికినా చిక్కు తీరదు. నెలనెలా వాయిదా కట్టాలి కనుక త్వరగా ఉద్యోగం వచ్చే కోర్సే ఎంచుకోవలసి వస్తుంది. అందుకే మన పిల్లల్లో అంతమంది కంప్యూటర్ సైన్సు వైపూ డేటా వైపూ వెళ్తారు. ప్రజారోగ్యం, నీటి యాజమాన్యం, భాషాశాస్త్రం చదవాలనుకున్నవారు అప్పు భయంతో ఆ కోరికను ఇంట్లో చెప్పనే చెప్పరు. పూర్తి ఖర్చు ఇచ్చే స్కాలర్‌షిప్పు డబ్బుతో పాటు తనకు నచ్చిన సబ్జెక్టు ఎంచుకునే స్వేచ్ఛను కూడా ఇస్తుంది. నా దృష్టిలో దాని అసలు విలువ అదే.

మొదటి మెట్టు: ‘స్కాలర్‌షిప్’ అన్న మాటను విప్పి చూడడం

కన్సల్టెన్సీకి వెళ్లి వచ్చిన విద్యార్థి ‘స్కాలర్‌షిప్ వచ్చింది సార్’ అంటే నేను మొదట అడిగేది ఎంత, దేనికి, ఎప్పుడు అని. చాలాసార్లు అది ఫీజులో నాలుగైదు వేల పౌండ్ల తగ్గింపు మాత్రమే. మిగిలిన పదిహేను లక్షలు మన జేబులోంచే పోతాయి. విశ్వవిద్యాలయాల నుంచి కమిషను తీసుకునే కన్సల్టెన్సీకి ఫీజు కట్టే విద్యార్థితోనే పని కనుక, పూర్తి ఖర్చు ఇచ్చే పథకాల గురించి అక్కడ వినిపించకపోవడంలో వింతేమీ లేదు.

ప్రకటన చదివేటప్పుడు నాలుగు ఖర్చుల కోసం వెతకండి: ట్యూషన్ ఫీజు, నెలవారీ భత్యం, రానుపోను ప్రయాణం, ఆరోగ్య బీమా. నాలుగూ ఉంటేనే దాన్ని ఫుల్లీ ఫండెడ్ అనాలి. తర్వాత ఎవరూ పెద్దగా అడగని ఐదో ప్రశ్న వేయండి: ఆ డబ్బు ఎప్పుడు చేతికి వస్తుంది? యూరోపియన్ యూనియన్ 2004లో మొదలుపెట్టిన ఎరాస్మస్ ముండస్ ఉమ్మడి మాస్టర్స్ కార్యక్రమాన్నే తీసుకోండి. అందులో స్కాలర్‌షిప్పు పొందినవారు ఫీజు కట్టనక్కర్లేదు, బీమా ఉంటుంది, 2021 నుంచి నెలకు 1,400 యూరోలు ఇస్తున్నారు. అయితే వీసా, ప్రయాణం, అక్కడ దిగాక కుదురుకోవడానికి అయ్యే ఖర్చు అంతా ఆ 1,400లోనే కలిసి ఉంటుంది. మొదటి విమానం టికెట్ కొనే రోజున మీ చేతిలో వారి యూరో ఒక్కటి కూడా ఉండకపోవచ్చు. ఈ సంగతి ముందే తెలిస్తే ఏడాది పాటు దానికి ఏర్పాటు చేసుకోవచ్చు. ఆగస్టులో తెలిస్తే వడ్డీ వ్యాపారి గడప తొక్కవలసి వస్తుంది.

తెలంగాణ ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేడ్కర్ పేరుతోనూ, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతోనూ, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ పేరుతోనూ ఇస్తున్న విద్యానిధి గరిష్ఠంగా 20 లక్షల రూపాయలు. ఇది పెద్ద సాయమే, కానీ పూర్తి ఖర్చు కాదు. పైగా మొదటి విడత ఆ దేశంలో దిగినట్టు రుజువు చూపిన తర్వాత, రెండో విడత మొదటి సెమిస్టర్ ఫలితం చూపిన తర్వాత అందుతుంది. అమెరికా వెళ్లేవారైతే ఆ దేశంలో ప్రవేశించినట్టు చూపే ఐ-94 పత్రం పెట్టాలి. అందువల్ల మొదటి సెమిస్టర్ ఫీజు, టికెట్, వీసా సొమ్ము ముందుగా ఎక్కడి నుంచో తేవలసిందే. ఆ ‘ఎక్కడి నుంచో’కి దారి ఉన్న కుటుంబాలే ఈ పథకాన్ని సులువుగా వాడుకోగలుగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఇదే తరహా పథకం పేరూ నిబంధనలూ ప్రభుత్వాలతో పాటు మారుతూ వచ్చాయి కనుక, దరఖాస్తు చేసే నెలలో అమల్లో ఉన్న ఉత్తర్వును స్వయంగా చదివాకే లెక్క వేసుకోండి.

రెండో మెట్టు: మీకు సరిపడే పథకాలను ఎంచుకోవడం

పది పథకాలకు పైపైన దరఖాస్తు చేయడం కంటే, అర్హతకు సరిగ్గా సరిపోయే మూడింటికి శ్రద్ధగా చేయడం మేలు. అర్హతను రెండు ప్రశ్నలు తేలుస్తాయి: మీ డిగ్రీ మూడేళ్లదా నాలుగేళ్లదా, మీకు ఉద్యోగానుభవం ఉందా లేదా.

డిగ్రీ చివరి ఏడాదిలో ఉండి, అనుభవం లేనివారికి నేను మొదట చూపేది ఎరాస్మస్ ముండస్. ఒక్కో కోర్సును రెండు మూడు దేశాల విశ్వవిద్యాలయాలు కలిసి నడుపుతాయి. దరఖాస్తు నేరుగా ఆ కోర్సువారికే పంపాలి. చాలా కోర్సులకు గడువు అక్టోబరు, జనవరి మధ్య ఉంటుంది. ఎన్ని కోర్సులకైనా దరఖాస్తు చేసుకోవచ్చు. ఎక్కువ స్కాలర్‌షిప్పులు పొందుతున్న దేశాల్లో భారత్ ముందు వరుసలో ఉంది కనుక పోటీ కూడా అలాగే ఉంటుంది. జపాన్ ప్రభుత్వం 1954 నుంచి ఇస్తున్న మెక్స్‌ట్ స్కాలర్‌షిప్పుకు రాయబార కార్యాలయం ద్వారా వేసవిలో దరఖాస్తులు తీసుకుంటారు. ఫీజు ఉండదు, టికెట్ వారే ఇస్తారు, మాస్టర్స్ విద్యార్థికి నెలకు 1,44,000 యెన్ల భత్యం ఉంటుంది. ఇది మన జిల్లా కళాశాలల్లో చాలామందికి తెలియదు.

రెండేళ్లు పని చేసినవారికి దారులు ఇంకొన్ని తెరుచుకుంటాయి. బ్రిటన్ ప్రభుత్వం 1983లో ప్రారంభించిన చీవ్‌నింగ్‌కు రెండేళ్ల అనుభవం, అంటే 2,800 గంటల పని కావాలి. స్వచ్ఛంద సేవనూ పార్ట్‌టైమ్ పనినీ లెక్కలో కలపవచ్చు. దరఖాస్తులు ఆగస్టులో మొదలై అక్టోబరు తొలి వారాల్లో ముగుస్తాయి. జర్మనీకి చెందిన డాడ్ సంస్థ అభివృద్ధి సంబంధమైన కోర్సులకు ఇచ్చే స్కాలర్‌షిప్పుకు కూడా కనీసం రెండేళ్ల అనుభవం ఉండాలి, చివరి డిగ్రీ పూర్తయి ఆరేళ్లు దాటకూడదు. అమెరికా వెళ్లే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కు మూడేళ్ల అనుభవమూ, అమెరికా నాలుగేళ్ల డిగ్రీతో సమానమైన చదువూ కావాలి. మూడేళ్ల బీఏ, బీఎస్సీ, బీకాం చదివినవారు పీజీ గానీ పీజీ డిప్లొమా గానీ పూర్తి చేసి ఉంటే ఈ నిబంధన దాటగలరు. బ్రిటన్ విశ్వవిద్యాలయాలు సాధారణంగా మూడేళ్ల డిగ్రీని అంగీకరిస్తాయి. 1959లో రూపుదిద్దుకున్న కామన్వెల్త్ స్కాలర్‌షిప్పులు మరీ గమనించదగ్గవి, ఎందుకంటే ఈ సాయం లేకుండా బ్రిటన్‌లో చదివే స్తోమత తనకు లేదని దరఖాస్తుదారు చెప్పుకోవడం అక్కడ అర్హతలో ఒక భాగం. పేదరికాన్ని దాచవలసిన అవసరం లేని దరఖాస్తు అది.

చీవ్‌నింగ్, ఫుల్‌బ్రైట్ వంటివి చదువు కాగానే రెండేళ్లు స్వదేశంలో ఉండాలని షరతు పెడతాయి. అక్కడే ఉద్యోగం చూసుకుని ఇంటికి డబ్బు పంపుతాడని నాన్న ఆశ పెట్టుకుని ఉంటే, ఈ షరతు గురించి దరఖాస్తుకు ముందే ఆయనతో కూర్చుని మాట్లాడండి. వీసా వచ్చాక మొదలయ్యే గొడవ కంటే ఇది నయం.

కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్పును కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 1954-55లో మొదలైన ఈ పథకంలో ఏడాదికి 125 స్థానాలున్నాయి: 115 ఎస్సీలకు, ఆరు విముక్త, సంచార జాతులవారికి, నాలుగు భూమిలేని వ్యవసాయ కూలీలకూ సంప్రదాయ చేతివృత్తులవారికీ. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, వయసు 35 లోపు ఉండాలి, డిగ్రీలో 60 శాతం మార్కులు కావాలి, క్యూఎస్ ప్రపంచ ర్యాంకుల జాబితాలో మొదటి 500 విశ్వవిద్యాలయాల్లో ఒకదాని నుంచి షరతులు లేని ప్రవేశ లేఖ ఉండాలి. 2022లో మార్చిన నిబంధనలు భారతీయ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద విదేశంలో చదవాలనుకునేవారికి తలుపు మూశాయి. తన కులం చరిత్రను పరిశోధించాలనుకున్న దళిత విద్యార్థికి దళితుల పేరిట ఉన్న పథకమే అక్కరకు రాకపోవడం నాకు ఏ కోణంలోనూ సమంజసంగా తోచలేదు. 2025 జులైలో 106 మందిని ఎంపిక చేసి, నిధుల లభ్యత కారణం చూపి మొదట 40 మందికే అవార్డు లేఖలు ఇచ్చారు. అది అందరికీ ఒక జాగ్రత్త నేర్పింది: జాబితాలో పేరు రావడం వేరు, లేఖ చేతికి రావడం వేరు. లేఖ అందేదాకా రెండో దారిని మూసుకోకండి, ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకండి.

మూడో మెట్టు: కాగితాలు, అన్నిటికంటే ముందుగా పేరు

చేరవలసిన సెప్టెంబరుకు పద్దెనిమిది నెలల ముందు, అంటే అంతకు ముందటి ఏడాది మార్చిలో ఈ పని మొదలుపెట్టాలి. మొదట ఎస్సెస్సీ మెమో, ఆధార్, డిగ్రీ మెమోలను బల్ల మీద పక్కపక్కన పెట్టి ఒక్కో అక్షరం పోల్చండి.

ఇది అతిగా అనిపిస్తే ఒక ఉదాహరణ చెబుతాను. ఒక అమ్మాయి ఎస్సెస్సీ మెమోలో ‘లక్ష్మి’ని ఇంగ్లిష్‌లో చివర ‘ఐ’తో రాశారు, ఆధార్‌లో రెండు ‘ఈ’లు వచ్చాయి. డిగ్రీ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమై పేరుకు ముందు నిలబడింది. పాస్‌పోర్టు దరఖాస్తులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేయడంతో పేరంతా ఒకే గడిలోకి చేరింది. మనకు ఆ నాలుగూ ఒకే మనిషి. విదేశీ విశ్వవిద్యాలయం పోర్టల్‌కు వాళ్లు నలుగురు. ఎస్సెస్సీ మెమోను మార్పించడం అన్నిటికంటే కష్టం కనుక దాన్నే ప్రమాణంగా తీసుకుని, దానికి సరిపడేట్టు ఆధార్‌ను సరిచేయించి, ఆ తర్వాతే పాస్‌పోర్టుకు వెళ్లండి. ఇంటిపేరును పూర్తిగా విప్పి దాని గడిలోనే రాయండి. ఆ గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసా మీద ‘మొదటి పేరు తెలియదు’ అన్న అర్థం వచ్చే మూడక్షరాలు పడి, ఆ తర్వాత బ్యాంకు ఖాతా దగ్గర నుంచి ప్రతిచోటా సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది. సాధారణ పాస్‌పోర్టు ఫీజు 1,500 రూపాయలు. తత్కాల్‌కు అదనంగా మరో 2,000 అవుతుంది కాబట్టి, తొందరపాటుకు కూడా ఒక ధర ఉందని గుర్తుంచుకోండి.

రెండో చిక్కు ధ్రువపత్రాలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివిన పిల్లల ఫీజు బకాయిలు ప్రభుత్వం నుంచి రాలేదని, ఆ మొత్తం కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లమని కొన్ని కళాశాలలు అంటుంటాయి. నాకు తెలిసిన ఒక విద్యార్థి నలభై వేల బకాయి దగ్గర మూడు నెలలు ఆగిపోయాడు. ఈలోగా అతను చేయవలసిన కోర్సు గడువు దాటిపోయింది. విద్యార్థుల ఒరిజినల్ ధ్రువపత్రాలను సంస్థలు తమ దగ్గర ఉంచుకోరాదని విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2018లోనే చెప్పింది. ఆ ఉత్తర్వు నకలు జతచేసి ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. నోటిమాట కంటే ముద్ర పడ్డ కాగితానికి జవాబు త్వరగా వస్తుంది. అంతకంటే తేలికైన జాగ్రత్త ఒకటుంది: ప్రతి సెమిస్టర్ మెమో, ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో చేతికి వచ్చిన రోజునే రంగుల్లో స్కాన్ చేసి పెట్టుకోవడం. దరఖాస్తు దశలో చాలా పథకాలకు స్కాన్ కాపీ చాలు. డిజిలాకర్‌లో మీ విశ్వవిద్యాలయం మెమోలు ఉన్నాయేమో కూడా చూడండి.

విశ్వవిద్యాలయం పరీక్షల విభాగం నుంచి ట్రాన్స్‌క్రిప్టులకు (అన్ని సెమిస్టర్ల మార్కుల అధికారిక పట్టిక) మే, జూన్ నెలల్లోనే దరఖాస్తు చేసి, సీలు వేసిన కవర్లు రెండు మూడు అదనంగా తీసుకోండి. ఆదాయ ధ్రువపత్రం మీసేవలోనో సచివాలయంలోనో తేలిగ్గానే వస్తుంది, కానీ పథకం ఏ ఆర్థిక సంవత్సరపు ఆదాయం అడుగుతోందో చదివాకే తీయించండి.

నాలుగో మెట్టు: ఇంగ్లిష్ పరీక్ష, ఒక్కసారే రాసేట్టు

18,000 రూపాయలు రెండోసారి కట్టలేని ఇంట్లో ఈ పరీక్ష తేదీని నమ్మకంతో కాదు, లెక్కతో నిర్ణయించాలి. సమయం పెట్టుకుని ఇంట్లో రాసిన నమూనా పరీక్షల్లో వరుసగా మూడుసార్లు మీకు కావలసిన స్కోరు కంటే అర బ్యాండు (ఈ పరీక్షలో స్కోరు కొలత) ఎక్కువ వచ్చాకే బుక్ చేయండి. చాలా మాస్టర్స్ కోర్సులు 6.5 అడుగుతాయి, కొన్ని 7 అడుగుతాయి, కొన్ని ప్రతి విభాగంలోనూ విడిగా 6 ఉండాలంటాయి. తెలుగు మాధ్యమంలో పది దాకా చదివినవారికి సాధారణంగా మాట్లాడడం కంటే రాయడంలోనే మార్కులు తగ్గుతాయి, భయం మాత్రం మాట్లాడడం మీద ఉంటుంది. స్పీకింగ్ పరీక్ష 11 నుంచి 14 నిమిషాలు, ఎదురుగా ఒకరే పరీక్షకులు. మన యాసకు మార్కులు తగ్గించరు, చెప్పేది స్పష్టంగా అర్థమైతే చాలు.

అసలు పరీక్ష అవసరమా అన్నది ముందు చూడాలి. ఎరాస్మస్ ముండస్ కోర్సుల్లో కొన్ని, జర్మనీ విశ్వవిద్యాలయాల్లో కొన్ని, డిగ్రీ ఇంగ్లిష్ మాధ్యమంలో చదివినట్టు కళాశాల ఇచ్చే ధ్రువపత్రాన్నే అంగీకరిస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లిష్ మాధ్యమంలోకి మారాయి కనుక అక్కడి పిల్లలకు ఈ కాగితం దొరకడం కష్టం కాదు. మీరు ఎంచుకున్న మూడింటిలో రెండు దీన్ని అంగీకరిస్తే, మూడోదాన్ని మార్చుకోవడం గురించి ఆలోచించండి. అప్పుడు పరీక్ష ఖర్చే ఉండదు. స్నేహితుల మాట విని కాకుండా కోర్సు కార్యాలయానికి ఈ-మెయిల్ రాసి, వారి జవాబును దాచుకోండి.

ఐదో మెట్టు: వ్యాసం

ఎంపిక నిజంగా జరిగేది ఇక్కడే. డబ్బుతో ప్రమేయం లేకుండా మీ చేతిలో ఉన్న మెట్టు కూడా ఇదొక్కటే. దీనికి ఎనిమిది వారాలు కేటాయించండి.

నల్లగొండ వైపు నుంచి వచ్చిన ఒక బీఎస్సీ విద్యార్థిని మొదటి ముసాయిదా ఇలా మొదలైంది: ‘చిన్నప్పటి నుంచి నాకు పర్యావరణమంటే ఎంతో ఇష్టం. సమాజానికి సేవ చేయడమే నా జీవితాశయం.’ ఇందులో అబద్ధం లేదు, ఆ అమ్మాయి కూడా లేదు. ఏ ఊరు అని అడిగాను, ఇంట్లో నీళ్లు ఎక్కడివని అడిగాను. తాతకు నడుము వంగిపోయి పదిహేనేళ్లయిందని, ఊళ్లో ఆ వయసువాళ్లలో చాలామంది అలాగే ఉంటారని అప్పుడు చెప్పింది. కళాశాల ప్రాజెక్టుకు తమ బడి ముందున్న చేతిపంపు నీటిని పరీక్షించి, లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితిని ఫ్లోరైడ్ దాటినట్టు కనుక్కున్నది కూడా తనే. ఆ సంగతి వ్యాసంలో ఎందుకు రాయలేదంటే, ‘అది మామూలే కద సార్’ అంది.

ఆ మామూలు సంగతితోనే రెండో ముసాయిదా మొదలైంది. ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తొలగించే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ టెక్నిక్ అని పేరు, దాన్ని నాగపూర్‌లోని నీరి సంస్థ రూపొందించింది. తన జిల్లా పేరు పెట్టుకున్న పద్ధతి గురించి తను బీఎస్సీ పుస్తకంలో చదివేనాటికి బడి ముందు పంపు నీళ్లు ఎలా ఉన్నాయో రాసింది. ఆ పద్ధతిలో రోజువారీ నిర్వహణ, మిగిలే మడ్డి ఎంత ఇబ్బందో వివరించి, తను ఎంచుకున్న కోర్సు రెండో సెమిస్టర్‌లో నీటి శుద్ధి పాఠ్యాంశం ఆ ఇబ్బందికి ఎలా సంబంధించినదో చూపింది. చివరి పేరాలో ‘సేవ’ అన్న మాట లేదు. తిరిగివచ్చాక ఏ రకమైన కార్యాలయంలో, ఏ పని చేయాలనుకుంటోందో ఉంది.

ఈ ఉదాహరణ నుంచి పద్ధతిని ఇలా తీసుకోవచ్చు. మొదటి రెండు వారాలు ఇంగ్లిష్‌లో రాయవద్దు. మీరు చేసిన పనులు, చూసిన సమస్యలు, అందులో మీ పాత్ర, జరిగిన మార్పు తెలుగులోనే, ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే రాసి పెట్టుకోండి. పంచాయతీలో అర్జీ రాసిచ్చినా, చిట్టి లెక్కలు చూసినా, తమ్ముళ్లకు ట్యూషన్ చెప్పినా అది పనే. చీవ్‌నింగ్ అడిగే నాయకత్వానికి ఎన్‌ఎస్‌ఎస్ శిబిరం ఫొటో కంటే ఇలాంటి ఒక అర్జీ కథ ఎక్కువ చెబుతుంది. తర్వాతి మూడు వారాల్లో కోర్సు సిలబస్ పూర్తిగా చదివి, మీ సమస్యకూ ఆ సిలబస్‌కూ మధ్య కనీసం రెండు నిర్దిష్టమైన లంకెలు వెతకండి. కోర్సు పేరు తీసేసి మరో కోర్సు పేరు పెట్టినా వ్యాసం అలాగే నిలబడితే అది ఇంకా పూర్తి కాలేదని అర్థం. చివరి మూడు వారాలు దిద్దడానికే. మీ సబ్జెక్టు తెలిసిన ఒకరికీ, ఏమాత్రం తెలియని ఒకరికీ చూపించండి. సబ్జెక్టు తెలియని మనిషి ఎక్కడ ఆగి ‘అంటే?’ అని అడిగితే అక్కడ తిరగరాయాలి.

కృత్రిమ మేధతో రాయించిన వ్యాసాల మీద కొన్ని పథకాలు నిబంధనల్లోనే హెచ్చరిస్తున్నాయి. దాని కంటే పెద్ద నష్టం, అది రాసే వ్యాసం సరిగ్గా ఆ మొదటి ముసాయిదాలా ఉండడం.

పేదరికాన్ని ఎంతవరకు రాయాలి అని చాలామంది అడుగుతారు. జాలి కోసం రాయవద్దు, సందర్భం కోసం తప్పక రాయండి. సెలవుల్లో పత్తి తీయడానికి వెళ్లడం వల్ల రెండో సెమిస్టర్ మార్కులు తగ్గితే, ఆ విషయాన్ని ఒక్క వాక్యంలో, ఏ విశేషణమూ లేకుండా చెప్పండి. చదివేవారికి ఆ మార్కుల మెమో అప్పుడు వేరేగా కనిపిస్తుంది.

ఆరో మెట్టు: సిఫారసు లేఖలు

సాధారణంగా రెండు అవసరం. మన కళాశాలల్లో ‘నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను’ అనడం మామూలు అలవాటు. అధ్యాపకులుగా మాలో చాలామంది ఈ తప్పు చేశాం. లేఖకు బదులు ఒక పేజీ సమాచారం తీసుకెళ్లండి: మేడమ్ పాఠం చెప్పిన సెమిస్టర్, మీరు ఆ తరగతిలో చేసిన ప్రాజెక్టు, మీకు గుర్తున్న ఒక చర్చ, కోర్సు పేరు, గడువు తేదీ. లేఖ తన మాటల్లో రాయడానికి ఆమెకు అది చాలు. కొన్ని పోర్టళ్లు లేఖ రాసేవారి సంస్థాగత ఈ-మెయిల్ అడుగుతాయి. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో చాలామందికి సొంత జీమెయిలే ఉంటుంది కనుక, కళాశాల అధికారిక మెయిల్ ఎవరి దగ్గర ఉందో రెండు నెలల ముందే కనుక్కోండి. గడువుకు పది రోజుల ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఒకసారి మర్యాదగా గుర్తు చేయండి.

ఏడో మెట్టు: ఇంటర్వ్యూ

వ్యాసంలో రాసినదే అడుగుతారు. ఇరవై ప్రశ్నలకు జవాబులు బట్టీ పట్టడం కంటే వ్యాసంలోని ప్రతి వాక్యాన్నీ ‘ఎందుకు’, ‘ఎలా’ అని ప్రశ్నించుకోవడం మేలు. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ అయితే ఇంటి సిగ్నల్‌ను నమ్మకండి. కళాశాల గది, ఇన్వర్టర్, రెండో ఫోను హాట్‌స్పాట్ ముందురోజే సరిచూసుకోండి.

ఎనిమిదో మెట్టు: అవార్డు లేఖ నుంచి మొదటి భత్యం దాకా

ఈ లేఖ తెరిచే పెద్ద తలుపు వీసా దగ్గర కనిపిస్తుంది. జర్మనీకి సొంత ఖర్చుతో వెళ్లే విద్యార్థి ఏడాదికి 11,904 యూరోలు, అంటే సుమారు పన్నెండు లక్షల రూపాయలు, నెలకు కొంత చొప్పునే తీసుకోగలిగే బ్లాక్డ్ ఖాతాలో చూపాలి. ఇలాంటి నిబంధనల కోసమే ‘ఫండ్స్ చూపించే’ ఏజెంట్లు పుట్టుకొచ్చారు. కొన్ని వారాలు ఖాతాలో డబ్బు ఉంచినందుకు వారు తీసుకునే వడ్డీ కూడా ఆ కుటుంబం నెత్తినే పడుతుంది. తగినంత భత్యం చూపే స్కాలర్‌షిప్పు లేఖ ఉంటే ఆ ఖాతా అక్కర్లేదు. ఆ ఏజెంటు అవసరం ఉండదు.

మిగిలిన చిన్న ఖర్చులే ఇప్పుడు పెద్దవిగా కనిపిస్తాయి: వీసా కోసం హైదరాబాద్ ప్రయాణాలు, టికెట్, చలి బట్టలు, అక్కడ ఇంటికి అడ్వాన్సు, మొదటి నెల తిండి. కామన్వెల్త్ వంటి పథకాల్లో టికెట్‌తో పాటు చలి బట్టలకు కూడా విడిగా భత్యం ఇస్తారు. భత్యంలోనే అన్నీ కలిసి ఉన్న పథకమైతే, ఎంపిక మెయిల్‌కు కృతజ్ఞతలు చెప్పే జవాబులోనే మూడు విషయాలు అడగండి: మొదటి చెల్లింపు ఏ తేదీన వస్తుంది, దానికి ఏ కాగితాలు కావాలి, ప్రయాణానికి ముందు కొంత ఇచ్చే వీలుందా. ఇలా అడిగితే స్కాలర్‌షిప్పు వెనక్కి తీసుకుంటారేమోనని పిల్లలు భయపడతారు. నేను చూసినంతలో ఎవరూ అలా చేయలేదు. ఒకసారి కోర్సు సమన్వయకర్త విద్యార్థికి విశ్వవిద్యాలయం హాస్టల్ అడ్వాన్సును మొదటి భత్యం వచ్చేదాకా వాయిదా వేయించారు. ఇవ్వడం కుదరదంటే కళాశాల పూర్వ విద్యార్థులను, అదే కోర్సులో ముందు చదివినవారిని, ఊళ్లో స్థిరపడిన పెద్దలను తిరిగి ఇచ్చే తేదీ రాసిన కాగితంతో కలవండి. చేతిలో అవార్డు లేఖ ఉన్న విద్యార్థికి లక్షన్నర చేబదులు దొరుకుతుంది. లేఖ రాకముందు పద్దెనిమిది వేలు దొరకడమే కష్టం. కళాశాలలూ పూర్వ విద్యార్థి సంఘాలూ సాయం చేయదలిస్తే ఆ పద్దెనిమిది వేల దగ్గర చేయాలని నా అభిప్రాయం. ఒక్క విద్యార్థికి లక్షన్నర ఇచ్చే డబ్బుతో ఎనిమిది మందిని పరీక్ష గది దాకా పంపవచ్చు.

తొమ్మిదో మెట్టు: రాకపోతే

మొదటిసారి రాకపోవడమే ఎక్కువగా జరుగుతుంది. రిజర్వు జాబితాలో ఉంచితే జులై దాకా మెయిల్ చూస్తూ ఉండండి, పైవారు తప్పుకోవడం మామూలే. నిరాకరణ వస్తే కారణాలు అడుగుతూ ఒక మర్యాదపూర్వకమైన మెయిల్ రాయండి. చాలామంది జవాబివ్వరు, ఇచ్చినవారి జవాబు మాత్రం వచ్చే ఏడాదికి పనికొస్తుంది. ఈలోగా చేసే ఉద్యోగం వృథా కాదు, ఎందుకంటే అది చీవ్‌నింగ్, డాడ్ అడిగే రెండేళ్ల అనుభవంలోకి వస్తుంది.

ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్లు చెల్లుతుంది. అందువల్ల పరీక్షను ఆగస్టులో రాస్తే ఆ ఏడాది శీతాకాలపు గడువులకూ మరుసటి ఏడాది గడువులకూ అదే స్కోరు సరిపోతుంది. తొందరపడి మార్చిలో రాసినవారికి రెండో విడత గడువులు ముగిసిన కొద్ది వారాలకే స్కోరు కాలం తీరుతుంది, ప్రవేశానికీ వీసాకూ చూపవలసిన వేసవిలో చేతిలో చెల్లే స్కోరు ఉండదు. పరీక్ష తేదీని క్యాలెండర్ మీద గుర్తుపెట్టేటప్పుడు, ఆ ఒక్క ఫీజుతో రెండు ప్రయత్నాలు జరిగేట్టు ఆ గడిని వెతకండి.